బాధ్యుడి గడిలో పేరు

జూన్ 4

బుడంకాయా,

ఎలా ఉన్నావ్? మీ అమ్మ కంటి ఆపరేషన్ తర్వాత చుక్కలమందు వేళకి వేయించుకుంటోందా, లేక "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని నీ మీద పోట్లాడుతోందా? అక్క సంగతి నాకు తెలుసు. చుక్కలు వేశాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకోమను. మూసుకోదు, అయినా చెప్పు.

ఇక అసలు సంగతి. నీ కంప్యూటర్ ప్రోగ్రాంలో మా ఊరి బస్సుల టైములు మళ్ళీ తప్పున్నాయి. లైబ్రరీలో కంప్యూటర్ దగ్గర కూర్చునే ఆవిడ చేత కాగితం మీద తీయించుకుని, దాన్ని పట్టుకుని వారం రోజులు స్టాపుల్లో కూర్చున్నాను. 14 నంబరు ఆసుపత్రి దగ్గరికి 8.40కి వస్తుందని వేశావు. 8.52 కంటే ముందు వస్తే నా చెవి కోయించుకుంటాను. స్కూలు గేటు దగ్గర పిల్లలు ఎక్కేదాకా కదలదు అది. 9 నంబరు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అసలు ఉండదు, డ్రైవర్లు మారే వేళ. నువ్వేమో 2.15కి ఒకటి, 2.35కి ఒకటి నడిపిస్తున్నావు. ఎక్కణ్ణుంచి తెచ్చావే తల్లీ ఆ బస్సులు? నిన్న వాటి కోసం ఒక గర్భిణి గంటసేపు ఎండలో నిలబడింది. మిగతావి కాగితం వెనక రాశాను.

నేను రిటైరై ఏడేళ్ళు, మీ అత్తయ్య పోయి రెండేళ్ళు. గదిలో నాతో మాట్లాడేది ఫ్యాను ఒక్కటే, అదీ కరెంటున్నప్పుడు. స్టాపులో కూర్చుంటే కనీసం "పెద్దాయనా, 22 వెళ్ళిపోయిందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్తున్నానంటే నవ్వుతావు. నవ్వు, పర్లేదు.

ఉంటాను,
టైమ్‌కీపర్ (రిటైర్డ్) మామయ్య


జూన్ 12

మామయ్యా,

మా బిల్డింగులో పోస్టుమ్యాన్ మూడో అంతస్తు దాకా ఎక్కేది నీ ఉత్తరం కోసమే. ఆయన ఆయాసపడుతూ "మళ్ళీ మీ మామయ్యగారేనమ్మా" అని ఇచ్చి వెళ్తాడు. నేను పుట్టించిన ఆ రెండు బస్సుల్నీ ఉత్తరం అందిన రోజే చంపేశాను. ఆ గర్భిణి కనపడితే నా తరఫున చెంపలు వేసుకో.

నాకూ ఇక్కడ మాట్లాడే దిక్కులేదు. ఆఫీసు పనంతా ఇంటి నుంచే, తోటివాళ్ళంతా తెర మీద పేర్లు. అమ్మతో రోజూ నేను మాట్లాడేది "చుక్కలు వేయనా?", "వేయి". అంతే. ఆవిడ వెనక గదిలో రేడియోతో, నేను ముందు గదిలో కంప్యూటర్‌తో. ఒకే ఇంట్లో ఉన్నాం గానీ ఇద్దరం చెరో ఊళ్ళో ఉన్నట్టుంటాం.

ఖాళీ వేళల్లో నేను చేసే ఈ పని బస్సుల గురించని అమ్మకి చెప్పలేదు. ఏవో లెక్కలన్నాను. నాన్న డ్రైవర్ ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ బస్సు హారన్ వినపడితే కిటికీ మూసేస్తుంది కదా, ఇక్కడా అంతే. నాన్న పోయి పందొమ్మిదేళ్ళయింది. మొన్న కూడా "ఆ మనిషి ఆ రోజు ఒక్కసారి టైము చూసుకుని కదిలుంటే" అంది. ఒక్క టైము తప్పయితే ఏమవుతుందో మన ఇంట్లోవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది చెప్పు? అందుకే ప్రతిదీ రికార్డులో పేరుతో సహా ఉండాలని నా పట్టు.

ఇప్పుడు నీకో సంగతి. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా దాని పక్కన ఒక చిన్న చీటీ రాస్తాం మేము. కమిట్ మెసేజ్ అంటారు. అది చెరగదు, ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఇప్పటిదాకా నలభై ఒక్క చీటీల్లో నీ పేరు ఎక్కించాను! ఎక్కడ చూడాలో కింద అడ్రస్ రాశాను, లైబ్రరీ ఆవిడ చేత తెరిపించు. ఎందుకు ఎక్కించానో నేను చెప్పను, చూస్తే నీకే తెలుస్తుంది. చూసి ఏమనిపించిందో తప్పకుండా రాయి.

నీ బుడంకాయ


జూన్ 25

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. లైబ్రరీకి వెళ్ళి చూశాను.

"తప్పు: 14 నంబరు, ఆసుపత్రి స్టాపు, పన్నెండు నిమిషాలు తేడా. – టైమ్‌కీపర్ మామయ్య." దాని కింద "తప్పు: 9 నంబరు, లేని ట్రిప్పులు రెండు. – టైమ్‌కీపర్ మామయ్య." అలా పేజీ చివరిదాకా ఉన్నాయి. నలభై ఒకటీ లెక్కపెట్టుకున్నాను. లైబ్రరీ ఆవిడ వెనక్కి తిరిగి "ఇది మీరేనా అండీ?" అంది. కాదన్నాను.

ముప్పై నాలుగేళ్ళు డిపోలో పనిచేసినవాడికి ఇలాంటి పేజీ ఒకరు చదివి చెప్పక్కర్లేదు. మా లోపాల రిజిస్టర్ కూడా ఇలాగే ఉండేది. ఎడమ వైపు లోపం, కుడి వైపు బాధ్యుడు. ఎవరి పేరు ఎందుకు ఎక్కిందో ఎక్కినవాడికి తెలుస్తుంది. నాకూ తెలిసింది.

నలభై రెండోది మాత్రం రాయలేదు. దానికి చోటు ఉంచావనుకుంటాను. నీకు ఆ హక్కుంది, నేనేమీ అనను.

ఇకమీదట టైములు పంపను. అక్కని అడిగానని చెప్పు.

మామయ్య


జూలై 2

మామయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "అమ్మాయికి" ఏమిటి? నేను పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు నన్ను బుడంకాయ అనకుండా పిలవడం ఇదే మొదటిసారి. సంతోషపడతావనుకుంటే ముఖం తిప్పుకున్నావు.

నాకు తట్టింది ఒక్కటే. ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేసిన మనిషిని పట్టుకుని, ప్రపంచమంతా చూసేచోట "మామయ్య" అని చనువుగా రాశాను. తప్పే. నీ పూర్తి పేరు, హోదా, డిపో నంబరుతో సహా రాయాల్సింది. ఇప్పుడైనా రాస్తాను. ఆ చీటీలు ఒకదానికొకటి గొలుసులా తగులుకుని ఉంటాయి, పాతదాన్ని ముట్టుకుంటే మొదటి నుంచీ మళ్ళీ అల్లాలి. నాతో కలిసి పనిచేసే పందొమ్మిది మంది దగ్గరున్న కాపీలన్నీ పాడవుతాయి, నన్ను దుమ్మెత్తిపోస్తారు. పోయనీ. నీ పూర్తి పేరు ఉండాల్సిందే.

నలభై రెండోది నేనేం మర్చిపోలేదు. సరిచూస్తున్నాను. రుజువు దొరకగానే అదీ ఎక్కిస్తాను, నీ పేరుతోనే.

నువ్వు మానేస్తే పోస్టుమ్యాన్ ఇక మా అంతస్తు ఎక్కడు. ఉత్తరం రాయి మామయ్యా. టైములు పంపకపోతే మానె, ఊరికే రాయి.

నీ బుడంకాయ


జూలై 15

బుడంకాయా,

పూర్తి పేరు, హోదా, డిపో నంబరుతో. సరే, రాయి. న్యాయమే. రుజువు కోసం వెతకొద్దు, నేనే ఇస్తాను. వారం రోజులుగా ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను, ఇక దాచుకోవడానికి నాకు ఓపిక లేదు.

నీకు ఎవరు చెప్పారో, ఎంతవరకు చెప్పారో నాకు తెలియదు. జరిగింది ఇది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఇరుకు బ్రిడ్జి ఉండేది, ఒక్క బస్సే పట్టేది. అవతలి నుంచి వచ్చే బస్సు దాటాక మన బస్సు 6.10కి బయల్దేరాలి. మంచు పడితే ఎదురుగా ఏముందో కనపడదు, అంతా టైము మీదే నడిచేది. నా గదిలో గోడ గడియారం పరుగుపెట్టే రకం. రోజూ సాయంత్రం రేడియోతో సరిచూసి దిగాలి. ముందురోజు నేను చూడలేదు. సినిమాకి టైమవుతోందని వెళ్ళిపోయాను. ఏ పెద్ద కారణమో ఉంటే బాగుండేది, లేదు. సినిమాకి వెళ్ళాను.

పొద్దున గడియారం 6.10 చూపించింది. బావ లాగ్ షీటు మీద నా చేత్తో 6.10 అని వేసి విజిల్ ఊదాను. అప్పుడు నిజంగా 6.02. బావ నా మాట మీద బండి కదిలించాడు. బ్రిడ్జి మధ్యలో రెండూ గుద్దుకున్నాయి. పదిహేడు మందికి దెబ్బలు, ఒకాయనకి కాలు తీసేశారు.

ఫోన్ రాగానే నేను మొదట చేసిన పని గడియారం సరిచేయడం. రెండోది రిజిస్టర్ తెరవడం. "లోపం: 6.10 బస్సు విజిల్ లేకుండా ఎనిమిది నిమిషాలు ముందుగా బయల్దేరినది. బాధ్యుడు: డ్రైవర్." నా బావ పేరు నా చేత్తో రాశాను.

విచారణలో బావని లాగ్ షీటు అడిగారు. గుద్దుకున్నప్పుడు పోయిందన్నాడు. విజిల్ ఊదారా అంటే గుర్తు లేదన్నాడు. నా అదృష్టం అనుకున్నాను. తొమ్మిదేళ్ళు గోడౌన్ దగ్గర కాపలా ఉద్యోగం చేసి పోయాడు. ఆ తొమ్మిదేళ్ళూ మీ ఇంటికి వచ్చి, ఆయన పక్కన కూర్చుని భోంచేశాను. అక్క నా ముందే ఆయన్ని తిట్టేది. నేను మజ్జిగ పోయించుకునేవాణ్ణి.

ఇదే నలభై రెండోది. ఎక్కించు.

మామయ్య


జూలై 24

మామయ్యా,

నాకేమీ తెలియదు.

ఎవరూ నాకేమీ చెప్పలేదు. నలభై రెండోది అంటే 31 నంబరు ఆదివారం ట్రిప్పు అనుకున్నాను. కిందటి నెల నువ్వు పంపిన టైములో ఒక అంకె సిరా అంటుకుని కనపడలేదు, దాని కోసం రుజువు వెతుకుతున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నీ సంగతి. ఎవరూ అడగను కూడా అడగలేదు.

ముందు ఆ చీటీల సంగతి చెప్తాను, లేకపోతే నీకు జన్మలో అర్థం కాదు. మా పనిలో తప్పు పక్కన ఉండే పేరు తప్పు చేసినవాళ్ళది కాదు. కనిపెట్టి చెప్పినవాళ్ళది. సాయం చేసినవాళ్ళ పేరు రాయకపోవడం మాలో దొంగతనంతో సమానం. ఆ నలభై ఒక్క తప్పులూ చేసింది నేను. నువ్వు ఎండలో కూర్చుని పట్టుకున్నావు. థ్యాంక్స్ చెప్పడానికి నాకు తెలిసిన పద్ధతి అది. ఎక్కడో ఉన్న ఒకాయన, ముఖం కూడా తెలియదు, "ఈ టైమ్‌కీపర్ మామయ్య ఎవరు? ఈయన చెప్పింది ఒక్కటి కూడా తప్పు కాలేదు" అని అడిగాడు. ఆ మాట నీకు రాద్దామని దాచుకున్నాను.

నాకు కోపంగా ఉంది. నేను చేతులు కడుక్కుంటూ, వంటింట్లో నిలబడి, కంప్యూటర్ ముందు కూర్చుని నీతో పోట్లాడుతూనే ఉన్నాను. స్కూల్లో నన్ను "గుద్దేసిన డ్రైవర్ కూతురు" అనేవాళ్ళు. నేను ఏడుస్తూ వస్తే ఐసు కొనిపెట్టింది ఎవరు? నువ్వే. ఆ ఐసు తింటూ నేను నాన్నని అసహ్యించుకున్నాను మామయ్యా. ఏడేళ్ళ పిల్లని.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నాకు తెలిసిపోయిందని అనుకున్నావు కాబట్టి చెప్పావు. తెలియదని తెలిసుంటే చెప్పేవాడివా?

నేను ఎక్కించను. అది నా చీటీ కాదు. మా దగ్గర పాత రాతని చెరిపెయ్యం. దాని మీద కొత్తగా ఇంకోటి రాస్తాం: అక్కడ రాసింది తప్పు, అసలు సంగతి ఇది, చెప్పింది ఫలానావారు అని. రెండూ ఉంటాయి, చదివేవాళ్ళు రెండూ చదువుకుంటారు. అలా నువ్వు రాయాలి. నాకు కాదు, అమ్మకి.

నీ మేనకోడలు


ఆగస్టు 5

బుడంకాయా,

ఇంకా అలా పిలవొచ్చో లేదో తెలియదు. వద్దంటే మానేస్తాను.

నువ్వు అడిగినదానికి జవాబు: చెప్పేవాణ్ణి కాదు. నాతోపాటే పోయేది. అబద్ధం రాద్దామని ఒక కాగితం మొదలుపెట్టి చింపేశాను.

సరిచేస్తే రిజిస్టర్లోనే సరిచేయాలని డిపోకి వెళ్ళాను. లోపల ఇప్పుడంతా అద్దాలు. ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి లోపాల రిజిస్టర్ కావాలన్నాను. "అవన్నీ తూకానికి అమ్మేశారండీ, నేను చేరకముందే" అంది. ఎందుకని అడిగింది. ఒక తప్పు సరిచేయాలమ్మా అన్నాను. "ఎవరైనా కంప్లైంట్ ఇచ్చారా?" అంది. లేదన్నాను. "మరి ఇంకేంటి పెద్దాయనా, ప్రశాంతంగా ఉండండి" అని మంచినీళ్ళు ఇచ్చింది. నేను రాసిన అబద్ధం కూడా మిగల్లేదు, దాని మీద రాయడానికి. డిపో బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కకి రాసిన కాగితం ఇందులో పెట్టాను. తనకి చూపు ఆనదు కాబట్టి చదవాల్సింది నువ్వే. ఆ కష్టం నీకు పెడుతున్నందుకు క్షమించమనడానికి కూడా నాకు ముఖం లేదు. ఉత్తరంలా రాయడం నా వల్ల కాలేదు, నాకు వచ్చిన పద్ధతిలో రాశాను. అక్క రమ్మంటే వస్తాను. నిలబెట్టి తిడితే నిలబడతాను.

మామయ్య

(వేరే కాగితం)

అక్కా,

సవరణ. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట రిజిస్టర్లో రాసినది తప్పు. డ్రైవర్ ముందుగా బయల్దేరలేదు. విజిల్ విన్నాకే కదిలాడు. ఆ రోజు టైమ్‌కీపర్ గడియారం ఎనిమిది నిమిషాలు ముందుంది. టైమ్‌కీపర్ దాన్ని తర్వాత సరిచేసి, నేరం డ్రైవర్ మీద రాశాడు.
బాధ్యుడు: నీ తమ్ముడు.
చెప్పినవారు: నీ తమ్ముడు.


ఆగస్టు 16

మామయ్యా,

నీ కాగితం వచ్చాక నాలుగు రోజులు నా బల్ల సొరుగులో ఉంది. చదవకుండా దాచేస్తే నేనూ నీలాగే అవుతానని ఆదివారం మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని చదివాను. రేడియో నేనే ఆపాను.

అమ్మ మొత్తం విని "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, నాన్న ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున పరిచిన పేపరు కింద చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. "ఇదేంటో చూడు. పారెయ్యద్దు, ఎవరికీ చూపించద్దు అని నా చేతికిచ్చాడు మీ నాన్న. పాత డిపో కాగితమే కదా అని నేనూ పట్టించుకోలా" అంది.

అది లాగ్ షీటు మామయ్యా. ఒక మూల చిరిగింది, ఇంకేం కాలేదు. బయల్దేరిన టైము 6.10 అని ఉంది. కింద నీ సంతకం.

నాన్న దాన్ని పోగొట్టుకోలేదు. విచారణకి వెళ్ళినప్పుడు అది ఆయన దగ్గరే ఉంది. నువ్వు మా ఇంటికి వచ్చి పక్కన కూర్చుని భోంచేసిన ప్రతిరోజూ ఆయనకి తెలుసు. నీకు కూర వడ్డించమని అమ్మకి చెప్పిన ప్రతిసారీ తెలుసు.

అమ్మకి చెప్పాను అందులో ఏముందో. ఆ కాగితం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది: "నా తమ్ముడని ఊరుకున్నాడు. వీడి ఉద్యోగం పోయి వీడు వీధిన పడితే నాకు పుట్టిల్లు లేకుండా పోతుందని ఊరుకున్నాడు. తొమ్మిదేళ్ళు తిట్టానే ఆయన్ని. కంచం ముందు తల వంచుకుని తినేవాడు. నాతోనైనా నేను కాదే అని ఒక్కసారి అనకూడదా?" ఆ తర్వాత ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ అలా ఏడవలేదు. నేను పట్టుకుని కూర్చున్నాను. మేమిద్దరం అంతసేపు దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

నా కోపం పోలేదు. పోతుందని మాటివ్వలేను. నువ్వు ఆ గదిలో ఒక్కడివే ఉన్నావని తలుచుకుంటే మాత్రం అన్నం సహించడం లేదు. రెండూ నిజమే, ఏం చేసుకోను వీటిని?

ఈ పొద్దున అమ్మని అడిగాను, "మామయ్య వస్తానంటున్నాడు, రమ్మని రాయనా?" అని. చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకుని ఉంది. రెండు నిమిషాలు దాటినా తెరవలేదు. నిద్రపోయిందనుకుని నేను లేవబోతుంటే అంది:

"చెప్పడానికి వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. వినడానికి నాక్కూడా కొంచెం టైము కావాలని రాయి."

రాశాను.

బుడంకాయ